యూమా నుంచి మెక్కా దాకా: ఎడారిలో కాలువ వెంట ఆర్వీలో ఒక రోజు

బాటసారి

చలికాలంలో ఆర్వీ (లోపలే వంటగది, పడకలు ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని దక్షిణ కాలిఫోర్నియా, అరిజోనా తిరిగే మనవాళ్లు ఎక్కువగా జాషువా ట్రీ, డెత్ వ్యాలీ, సెడోనా చూసుకుని వచ్చేస్తుంటారు. మధ్యలో ఉన్న ఇంపీరియల్ వ్యాలీని మాత్రం ఐ-8 హైవే మీద ఆగకుండా దాటేస్తారు. మొన్న జనవరిలో మేము యూమా దగ్గర బయల్దేరి, సాల్టన్ సరస్సు పక్కగా మెక్కా అనే చిన్న ఊరి దాకా పగలంతా నెమ్మదిగా వెళ్లాం. మొత్తం నూట యాభై మైళ్ల చిల్లర. కాలువ కింద వ్యవసాయం చేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ దారి తప్పకుండా చూడాలనిపించి రాస్తున్నాను.

పొద్దున్నే ఇంపీరియల్ డ్యామ్ దగ్గర మొదలుపెట్టండి. 1938లో పూర్తయిన ఈ ఆనకట్ట చూడ్డానికి అంత ఎత్తుగా ఏమీ ఉండదు. కొలరాడో నదిని పక్కకు మళ్లించడమే దాని పని. మళ్లిన నీళ్లు ముందు ఒండ్రు తేర్చే తొట్లలోకి పోతాయి. అడుగున పెద్ద గుండ్రటి స్క్రేపర్లు నెమ్మదిగా తిరుగుతూ, పేరుకున్న ఒండ్రును మళ్లీ నదిలోకి పంపిస్తాయి. తేరిన నీళ్లు ఆల్ అమెరికన్ కెనాల్‌లోకి దిగుతాయి. పొడవు 80 మైళ్లు, తల దగ్గర సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. మన తుంగభద్ర హెచ్చెల్సీ (ఎగువ కాలువ) సుమారు 4 వేల క్యూసెక్కులు. అంతకు నాలుగింతల దగ్గర అన్నమాట. నది కంటే ఇంపీరియల్ లోయ పల్లంలో ఉంది కాబట్టి పంపుతో పని లేకుండా నీళ్లు వాటంతట అవే పారతాయి. వాలు ఎక్కువగా ఉన్నచోట్ల కరెంటు కూడా తీస్తారు.

యూమా దాటాక రోడ్డు ఆల్గొడోనెస్ ఇసుక తిన్నెల్లోకి వెళ్తుంది. రెండు పక్కలా ఇసుకే. కాలువ కూడా ఆ తిన్నెలను కోసుకునే పోతుంది. 1915 నుంచి 1926 దాకా ఇక్కడ కార్లు వెళ్లడానికి ఇసుక మీద చెక్కలు పరిచి రోడ్డు వేశారు. దాని ముక్కలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. తిన్నెలు దాటిన కాసేపటికి ఒక్కసారిగా పచ్చదనం మొదలవుతుంది. అక్కడ ఏడాదికి పడే వాన మూడు అంగుళాల లోపే, అంటే 75 మిల్లీమీటర్లు కూడా లేదు. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది.

హోల్ట్‌విల్ దగ్గర ఒక పొలం పక్కన, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి ఆపాం. పొలం తల దగ్గర సిమెంటు కాలువ నిండుగా ఉంది. ఒక పెద్దాయన సైఫన్ అనే వంపు తిరిగిన అల్యూమినియం గొట్టాన్ని నీళ్లలో ముంచి, చివర అరచేత్తో మూసి, ఒక్క ఊపుతో గట్టు మీదుగా అవతలికి వేశాడు. చెయ్యి తీయగానే బోదెలోకి ధార మొదలైంది. ఒక గొట్టానికి రెండు మూడు సెకన్లు. అలా వరసగా వేసుకుంటూ వెళ్తుంటే వెనకాల ఒక్కో బోదె తడుస్తూ వస్తోంది. లేజర్‌తో చదును చేసిన పొలం కాబట్టి నీళ్లు ఎక్కడా నిలవకుండా చివరి దాకా ఒకే తీరుగా నడిచాయి. మా నాన్న పార పట్టుకుని రాత్రంతా మడవలు కట్టడం చూసినవాణ్ని. అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

మిగతా దారి సంగతి తర్వాత రాస్తాను. ఎవరైనా వెళ్లి ఉంటే మీరు చూసినవి కూడా చెప్పండి.

పద్మ_ఫీనిక్స్

చాలా బాగా రాశారండీ. మేము ఏటా క్వార్ట్‌జ్‌సైట్, యూమా వైపు వెళ్తుంటాం. జనవరిలో యూమా చుట్టుపక్కల ఎటు చూసినా ఆర్వీలే. చలి రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి రిటైరైనవాళ్లు వచ్చి నెలల తరబడి ఉంటారు. ఇంపీరియల్ డ్యామ్ పక్కన ప్రభుత్వ భూమిలోనే అలా దీర్ఘకాలం ఉండే క్యాంపులున్నాయి, పర్మిట్ కొనుక్కోవాలి. బీఎల్‌ఎమ్ అనే కేంద్ర భూముల శాఖ చూసే మామూలు భూముల్లో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు.

శీతాకాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో అత్యధిక భాగం యూమా, ఇంపీరియల్ లోయల నుంచే పోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా మీరు ఏ రాష్ట్రంలో లెట్యూస్ కొన్నా ఈ కాలువ నీళ్లతో పండిందే అయ్యే అవకాశం ఎక్కువ. కోత కోసేవాళ్లను రోడ్డు మీద నుంచే గమనించండి. వంగి కత్తితో మొదలు కోసి, పై ఆకులు ఒలిచి, సంచిలో వేసి, పక్కనే కదులుతున్న బల్ల మీద పెట్టేస్తారు. పెట్టెలు కట్టడం పొలంలోనే అయిపోతుంది. వాళ్లలో చాలామంది తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే మెక్సికలి అనే మెక్సికో ఊరి నుంచి సరిహద్దు దాటి వస్తారు. పొలం కూలీల నాయకుడు సీజర్ చావెజ్ 1927లో పుట్టింది యూమా దగ్గరే.

కొత్తబండి

నమస్కారం అందరికీ. మార్చిలో మొదటిసారి ఆర్వీ తీసుకుంటున్నాం, 25 అడుగుల క్లాస్ సి. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు మామగారు వస్తున్నారు. ఈ దారి మాలాంటివాళ్లకు ఫరవాలేదా? కాలువ పక్కన ఆపుకుని వంట చేసుకోవచ్చా? ట్యాంకుల విషయంలో టెన్షన్‌గా ఉంది.

పద్మ_ఫీనిక్స్

దారి తేలికేనమ్మా, అంతా చదును. కాలువ పక్కన మాత్రం ఆపొద్దు. ఈ విషయం గట్టిగా చెబుతున్నాను. ఆల్ అమెరికన్ కెనాల్ గట్లు ఏటవాలుగా, నున్నగా ఉంటాయి, లోపల ప్రవాహం చాలా వేగం. సరిహద్దు దాటబోయి వందల మంది అందులో మునిగి చనిపోయారు. పిల్లలున్న బండి ఆ గట్ల దరిదాపుల్లో ఉండకూడదు. పైగా గట్టు మీది దారి ఇరిగేషన్ వాళ్లది, మనం వెళ్లే రోడ్డు కాదు.

వంటకు ఊళ్లలో పార్కులున్నాయి, హైవే మీద రెస్ట్ ఏరియాలున్నాయి. ట్యాంకుల సంగతి: బయల్దేరే ముందు మంచినీళ్లు నింపుకోండి. ఐదారుగురు ఉంటే వంటగది, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకే ముందు నిండుతుంది. మన వంటలకు గిన్నెలు ఎక్కువ కదా. గిన్నెలను కాగితంతో తుడిచేసి, తర్వాత తక్కువ నీళ్లతో కడగండి. టాయ్‌లెట్ ట్యాంకులో ఎప్పుడూ కొంచెం నీళ్లు ఉండాలి. డంప్ స్టేషన్‌లో, అంటే ఈ ట్యాంకులు ఖాళీ చేసే చోట, ముందు టాయ్‌లెట్ ట్యాంకు వదిలి, తర్వాత గ్రే నీళ్లు వదిలితే గొట్టం కూడా కడుక్కుపోతుంది. గ్రే నీళ్లే కదా అని పొలం పక్కన వదిలేయడం అసలు చేయొద్దు. నేరం సంగతి అటుంచి, ఆ పక్కనే పచ్చిగా తినే ఆకుకూర పెరుగుతోంది.

డెల్టా_మనిషి

పద్మగారు చివర్లో చెప్పింది చాలా ముఖ్యం. 2018లో యూమా ప్రాంతపు రొమైన్ లెట్యూస్ తిని రెండు వందల మందికి పైగా ఈ-కోలై సోకింది, ఐదుగురు చనిపోయారు. వెతగ్గా వెతగ్గా పశువుల ఫీడ్‌లాట్ (వేల పశువులను ఒకేచోట కట్టి మేపే దొడ్డి) పక్కనున్న ఒక కాలువ నీళ్లలో అదే బ్యాక్టీరియా దొరికింది. అందుకే ఇక్కడ కూరగాయల పొలాల్లోకి ఎవరినీ, ముఖ్యంగా కుక్కల్ని, రానివ్వరు. ఫొటో కోసం కూడా పొలంలో కాలు పెట్టొద్దు.

నాకొక సందేహం బాటసారిగారూ. మాది కృష్ణా డెల్టా, కైకలూరు దగ్గర. నీళ్లు పెట్టడం ఎంత ముఖ్యమో తీయడం కూడా అంతే ముఖ్యం మాకు. ఈ ఎడారి లోయలో మురుగు ఎటు పోతుంది?

బాటసారి

మీరు అడిగిన ప్రశ్నలోనే ఆ రోజు ప్రయాణం రెండో సగం ఉంది.

కొలరాడో నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఒక ఎకరా-అడుగు నీళ్లతో, అంటే ఎకరా మీద అడుగు లోతు నిలిచే నీళ్లతో, సుమారు ఒక టన్ను ఉప్పు పొలంలోకి వస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు నేలలో ఉండిపోతుంది. అందుకని పంటకు కావాల్సిన దానికంటే ఎక్కువ పారించి, ఉప్పును కిందికి కడిగేస్తారు. ఆ నీటిని పట్టుకోవడానికి పొలాల కింద రంధ్రాలున్న గొట్టాలు పాతారు. మొత్తం లోయలో అవి వేల మైళ్లు ఉంటాయి. అవి డ్రెయిన్లలోకి, డ్రెయిన్లు న్యూ రివర్, అలమో రివర్ అనే రెండు వాగుల్లోకి, ఆ వాగులు ఉత్తరాన సాల్టన్ సరస్సులోకి చేరతాయి.

లోయలోని ఎల్ సెంట్రో ఊరి నుంచి 111 రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తుంటే మనం సముద్రమట్టం కంటే కిందికి కిందికి దిగుతుంటాం, కానీ కంటికి తెలియదు. కాలిపాట్రియా ఊరు సముద్రమట్టానికి 180 అడుగుల పల్లంలో ఉంది. అక్కడ 184 అడుగుల జెండా కొయ్య నిలబెట్టారు, జెండా సముద్రమట్టం దగ్గర ఎగరాలని. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే, అంత ఎత్తున సముద్రం ఉందన్న సంగతి మా అమ్మాయికి అప్పుడు అర్థమైంది.

సరస్సు ఉపరితలం ఇంకా కింద, 230 అడుగులకు పైగా పల్లంలో. మీ కొల్లేరులోకి రెండు డెల్టాల మురుగు చేరినా ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతానికి దారి ఉంది. సాల్టన్‌కు బయటికి దారి లేదు. వచ్చిన ఉప్పంతా అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు సముద్రం కంటే బాగా ఎక్కువ ఉప్పన. ఒడ్డున తెల్లగా ఇసుకలా కనిపించేది దగ్గరికెళ్తే ఇసుక కాదు, చేపల ముళ్లు, చిన్న చిన్న గుల్లల పొడి. కాళ్ల కింద కరకరలాడుతుంది.

కేసీ_చివరాయకట్టు

అన్నా, చదువుతుంటే మా ఊరే గుర్తొస్తోంది. మాది కర్నూలు-కడప కాలువ చివర్లో. మా తాతల కాలం నుంచీ కాలువ ఉంది, నీళ్లు మాత్రం పైవాళ్లు వదిలితేనే.

ఒక్క లెక్క చెప్పండి. ఆ లోయకు ఏటా ఎన్ని నీళ్లు ఇస్తారు? టీఎంసీల్లో చెప్తే మాకు అర్థమైతుంది.

బాటసారి

31 లక్షల ఎకరా-అడుగుల హక్కు ఉంది తమ్ముడూ. అంటే 135 టీఎంసీలు. సాగయ్యేది ఐదు లక్షల ఎకరాల లోపు, అందులో అల్ఫాల్ఫా లాంటి పశువుల గడ్డే ఎక్కువ. టీఎంసీకి నాలుగు వేల ఎకరాలు కూడా రావడం లేదు. మన దగ్గర టీఎంసీకి పది వేల ఎకరాల ఆరుతడి పంట అని లెక్క కడతారు.

కేసీ_చివరాయకట్టు

135 టీఎంసీలా! తుంగభద్ర డ్యామ్ నిండినా 105 దగ్గర ఆగుతుంది కదన్నా. దాన్ని మూడు రాష్ట్రాలు పంచుకుంటాయి. అంత నీళ్లు పోసి గడ్డి పండించడం ఏం న్యాయం?

డెల్టా_మనిషి

గడ్డి అని తీసిపారేయడానికి లేదండీ. అల్ఫాల్ఫా ఏడాదికి ఏడెనిమిది కోతలు వస్తుంది, పాడి మొత్తం దాని మీదే నడుస్తుంది. ఎడారి ఎండకు, ఏడాది పొడవునా పంటకు, ఉప్పు కడగడానికి కలిపి ఎకరాకు ఆరు అడుగుల నీళ్లు పడుతున్నాయి. ఆరుతడి లెక్కతో పోల్చలేం.

కేసీ_చివరాయకట్టు

పాడి వద్దనడం లేదు. నది ఎండిపోతా ఉంటే ఎవరు ముందు తగ్గించుకోవాలనేదే నా ప్రశ్న. మా దగ్గర ఎప్పుడూ చివరోడే తగ్గించుకుంటాడు.

శాండియాగో_సునీత

నేను నీటి విభాగంలో పనిచేస్తాను కాబట్టి హక్కుల సంగతి కొంచెం చెప్తాను. పడమటి రాష్ట్రాల్లో ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. ఇంపీరియల్ వ్యాలీకి 1901లోనే కాలువ నీళ్లొచ్చాయి. అందుకే కొలరాడో నదిలో కాలిఫోర్నియా వాటా 44 లక్షల ఎకరా-అడుగుల్లో 31 లక్షలు ఈ ఒక్క లోయకే. అరిజోనా రాష్ట్రం మొత్తానికి 28 లక్షలు. లాస్ వెగాస్ ఉన్న నెవాడాకు 3 లక్షలు, అంటే 13 టీఎంసీలు. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికోకు 15 లక్షలు.

ఆ మొదటి కాలువ తవ్వింది ప్రైవేటు కంపెనీ. పూడిక పడి నీళ్లు అందకపోతే, మెక్సికో వైపు నది గట్టుకు సరైన తలుపు లేకుండా గండి కొట్టారు. 1905లో వరదలొచ్చి నది మొత్తం ఆ గండిలోంచి లోయలోకి తిరిగింది. సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్లు రైళ్లతో రాళ్లు తెచ్చి పోసి 1907లో పూడ్చేదాకా ఆగలేదు. ఇప్పటి సాల్టన్ సరస్సు అలా నిండిందే. కంపెనీ దివాళా తీసింది, 1911లో రైతులు ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నారు. పాత కాలువ మెక్సికో మీదుగా వచ్చేది. అది ఇష్టం లేకే, 1928 చట్టంలో హూవర్ డ్యామ్‌తో పాటు పూర్తిగా అమెరికా నేల మీద పోయే ఈ కాలువను మంజూరు చేయించుకున్నారు.

తగ్గించుకోవడం కూడా మొదలైంది. 2003 ఒప్పందంతో ఏటా 2 లక్షల ఎకరా-అడుగుల దాకా మా శాండియాగోకు అమ్ముతున్నారు. 2023లో నది దిగువన ఉన్న ఈ మూడు రాష్ట్రాలు కలిసి 2026 చివరి లోపు 30 లక్షల ఎకరా-అడుగులు ఆదా చేస్తామన్నాయి. అందులో ఎక్కువ భాగానికి కేంద్రం డబ్బు ఇస్తామంది.

కేసీ_చివరాయకట్టు

అక్కా, మా కేసీ కెనాల్ కథ కూడా అదే. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ప్రైవేటోళ్లే తవ్వినారు. నల్లరేగడి రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు, కంపెనీ మునిగింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. రైతులే డిస్ట్రిక్ట్ పెట్టుకుని నడుపుకోవడం మా దగ్గర జరగలేదు. నాకు బాధ అక్కడే.

బాటసారి

నీ బాధ నాకు అర్థమవుతోంది. అక్కడ నేను చూసింది చెప్తాను. రైతు ముందురోజే నీళ్లకు ఆర్డర్ పెట్టుకుంటాడు. లస్కర్ పని చేసే మనిషి, సాన్హేరో అంటారు, పికప్‌లో వచ్చి తూము తలుపు ఎత్తి, కొలత చూసి వెళ్తాడు. ఆర్డర్ పెట్టిన నీళ్లు పెట్టినంత వస్తాయి. కాలువ తల దగ్గర ఉన్నాడా, చివర ఉన్నాడా అనేది రైతు ఆలోచించాల్సిన పని లేదు. 135 టీఎంసీలు ఎక్కువా తక్కువా అనే వాదన ఎలా ఉన్నా, చివరి పొలానికి కూడా చెప్పిన రోజున చెప్పినంత నీళ్లు చేరడం మన కాలువల మీద సాధించాల్సిన విషయమే. దానికి పెద్ద డ్యాములు అక్కర్లేదు. కొలతలు, తలుపులు, రోజూ తిరిగే మనిషి కావాలి. మన దగ్గర లస్కర్ పోస్టులు ఖాళీగా పెట్టి కొత్త ఎత్తిపోతలకు శంకుస్థాపనలు చేయడం చూస్తే కడుపు మండుతుంది.

శాండియాగో_సునీత

ఒప్పుకుంటాను. కానీ ఆదా చేసిన ప్రతి చుక్కకూ ఎవరో ఒకరు నష్టపోతున్నారు, అది కూడా చెప్పాలి. ఆల్ అమెరికన్ కెనాల్‌కు 23 మైళ్ల మేర సిమెంటు లైనింగ్ వేస్తే, ఊట ఆగిపోయి అవతల మెక్సికలి రైతుల బావులు దెబ్బతిన్నాయి. పొలాల మురుగు తగ్గే కొద్దీ సాల్టన్ సరస్సు వెనక్కిపోతోంది. బయటపడిన అడుగు నుంచి దుమ్ము లేచి చుట్టుపక్కల పిల్లలకు ఆస్తమా. మా నగరం కుళాయిలో వచ్చే నీళ్లకు ఆ ఊళ్ల పిల్లలు మూల్యం చెల్లిస్తున్నారని మేము మర్చిపోకూడదు.

ఇంకొక్క మాట. మనవాళ్లు ఆ లోయలో వందేళ్ల క్రితమే ఉన్నారు. పంజాబీ రైతులు, భూమి కొనడానికి కూడా చట్టం ఒప్పుకోని రోజుల్లో, కౌలుకు చేసుకుని బతికారు. చాలామంది మెక్సికన్ అమ్మాయిలను పెళ్లి చేసుకున్నారు. ఆ పంజాబీ రైతుల్లో ఒకరు దలీప్ సింగ్ సౌంద్, వెస్ట్‌మోర్లాండ్‌లో వ్యవసాయం చేశారు. 1946 చట్టంతో మనవాళ్లకు పౌరసత్వం దారి తెరుచుకున్నాక, 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఆసియా నుంచి వచ్చినవాళ్లలో ఆయనే మొదటివారు. వెస్ట్‌మోర్లాండ్ ఈ దారికి పక్కనే, బ్రాలీ నుంచి కొద్ది మైళ్లు.

కొత్తబండి

ఇంత చరిత్ర ఉందని తెలియదు. మామగారు కాలువల శాఖలోనే పనిచేసి రిటైరయ్యారు, ఆయనకు ఇదంతా చదివి వినిపించాను. సైఫన్ గొట్టాలు చూపించాల్సిందే అంటున్నారు. తనిఖీలు ఏమైనా ఉంటాయా? మాది హెచ్‌1బి, వాళ్లది విజిటర్ వీసా.

పద్మ_ఫీనిక్స్

రెండు రకాలు ఉంటాయి. అరిజోనా నుంచి ఐ-8 మీద కాలిఫోర్నియాలోకి రాగానే వ్యవసాయ తనిఖీ కేంద్రం. పండ్లు, మొక్కలు ఏమున్నాయని అడుగుతారు, నిజం చెప్పేయండి. కరివేపాకు మాత్రం తీసుకెళ్లొద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. పెరట్లో చెట్టు ఉందని కొమ్మ విరిచి బండిలో పెట్టుకుంటే, ఆ ఒక్క కొమ్మతో బత్తాయి తోటల దాకా ముప్పు వస్తుంది. ఎండబెట్టిన పొడి పట్టుకెళ్లండి.

రెండోది బోర్డర్ పెట్రోల్. సరిహద్దు దాటకపోయినా, 111 మీద నైలాండ్ దాటాక ఉత్తరానికి వెళ్లే బండ్లను ఆపుతారు. అందరి పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు చేతికందేలా పెట్టుకోండి. పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచితే కంగారుపడరు.

బాటసారి

మార్చి అయితే కొత్తబండిగారూ, నెల మొదట్లో వెళ్లండి. తర్వాత లెట్యూస్ కోతలు అయిపోతాయి, ఎండ ముదురుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది, పెద్దవాళ్లతో వద్దు. మామగారికి సైఫన్లు చూపించాలంటే పొద్దున తొమ్మిదిలోపు హోల్ట్‌విల్ చుట్టుపక్కల చిన్న రోడ్ల మీద తిరగండి. తడిసిన మట్టిరోడ్డు మీదికి మాత్రం బండి దించొద్దు, 25 అడుగుల బండి కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరే రావాలి. బ్రాలీ దగ్గర ఫీడ్‌లాట్ల వాసన గట్టిగా ఉంటుంది, కిటికీలు మూసుకోండి.

రాత్రికి సాల్టన్ తూర్పు ఒడ్డున స్టేట్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. గాలి ఎక్కువగా ఉంటుందని ఫోర్‌కాస్ట్ చెబితే అక్కడ ఆగకుండా మెక్కా, కోచెల్లా వైపు వెళ్లిపోండి. అటు ఖర్జూరం తోటలు, అవీ ఇదే నది నీళ్లతో, కోచెల్లా కెనాల్ కింద. మెడ్జూల్ పండ్లు తోటల దగ్గరే అమ్ముతారు. ఇంకో సంగతి, మామగారు కాలువల్లో పనిచేసినవారు కాబట్టి ఇంపీరియల్ డ్యామ్ దగ్గర కనీసం గంట ఆగండి. ఆ ఒండ్రు తొట్ల పని ఆయన చెబుతుంటే వినాలని నాకూ ఉంది. వచ్చాక ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి.